ముప్పైకి నాలుగు గీతలు తక్కువ

తలుపు తట్టిన మనిషి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక ఫైలును రెండు చేతులా గుండెకు అదుముకుని ఉంది. రాత్రంతా నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి. గోడ గడియారం పొద్దున్న తొమ్మిది కొట్టింది. ఆ చప్పుడుకే ఆమె ఉలిక్కిపడింది.

"సాయంత్రం నాలుగింటికి విచారణ మేడమ్," అంది. "అది అయ్యేలోపు మీరు ఏమైనా చెయ్యగలరా?"

"ముందు కూర్చో అమ్మాయ్. నిలబడి చెప్పిన మాట సగం కాళ్ళలోకి పోతుంది," అంది టేపమ్మ.

టేపమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. ఇరవయ్యేళ్ళు టైలరింగ్ షాపు నడిపింది. తర్వాత డిటెక్టివ్ అయింది కానీ మెడలోంచి టేపు మాత్రం తియ్యలేదు. కొలత తప్పితే మనిషి దాచినా బట్ట దాచదని ఆమె నమ్మకం. ఆమెకు సహాయకుడు గుమాస్తా. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇరవయ్యారేళ్ళు ప్రమాదాల ఫైళ్ళు కట్టలు కట్టి, ఆ భయంతోనే జన్మలో విమానం ఎక్కనివాడు. టేపమ్మ మాటంటే అతనికి వేదవాక్కు. ఆమె ఏం ఆలోచిస్తోందో అతనికి ఒక్కసారీ అంతుపట్టలేదు, అది వేరే సంగతి.

"పేపర్లో 'ప్లానర్ నిర్లక్ష్యం' అని వేశారు చూడండి," అంది ఆ అమ్మాయి. "ఆ ప్లానర్‌ని నేనే."

గుమాస్తా ఆ వార్త చదివే ఉన్నాడు. తొమ్మిది రోజుల కిందట ఒక సరుకుల విమానం చేరవలసిన ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో, ఇంధనం అయిపోయి, ఉప్పు మళ్ళలో దిగింది. కో-పైలట్ చిన్న గాయాలతో బయటపడ్డాడు. కెప్టెన్ రెండు కాళ్ళూ నుజ్జయ్యాయి.

"ఆ కెప్టెన్ మా మామయ్య. అమ్మ తమ్ముడు. నాకు ఆరేళ్ళప్పటినుంచీ ఆయనే పెంచాడు." ఆమె ఫైలును ఒళ్ళోకి దించుకుంది. "రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత, గాలి ఎటు, ఎన్ని గంటలు పడుతుంది, ఎంత ఇంధనం కావాలి. ఇదీ నా పని. వేరేవాళ్ళు వేసిన కాగితమైతే మామయ్య ప్రతి అంకె మళ్ళీ లెక్కవేస్తాడు. నాది మాత్రం చూడడు. 'నువ్వు కొలిచాక నేను కొలిచేదేముంది' అంటాడు."

"ఎంత కొలిచావు?"

"తిన్నగా పోతే ఏడువేల నాలుగొందల కిలోమీటర్లు. కానీ మధ్యలో ఒక దేశం మీదుగా ఎగరనివ్వట్లేదు. మూడుచోట్ల వంకర తిరిగి పోవాలి. అలా పోతే ఎనిమిదివేల నాలుగొందలు. ఎదురుగాలి లెక్కేస్తే గంటకి ఎనిమిదొందలు పోతుంది. పదిన్నర గంటల ప్రయాణం."

"కాగితంలో?"

"ఏడువేల నాలుగొందలు. తొమ్మిదింబావు గంటలు. ఆపదకని పోసే గంటపైచిలుకు ఇంధనం ఉండబట్టి ఆ ఊరి దగ్గరిదాకా రాగలిగింది." ఫైలు విప్పి జిరాక్స్ కాపీ చూపించింది. "దారి మాత్రం రెండో పేజీలో వంకర దారే ఉంది. అంటే నేను వంకర దారి గీసి, తిన్నని దూరం వేశానన్నమాట. మా పనిలో అజాగ్రత్తగా ఉంటే సరిగ్గా ఇలాంటి తప్పే చేస్తారు. అందుకే అందరూ నమ్మారు. దానికి తోడు దారం కూడా అలాగే ఉంది."

"దారమేంటి?" అన్నాడు గుమాస్తా.

"అది మా మాస్టారి పద్ధతి. మా ప్లానర్లకి పెద్దాయన. కంప్యూటర్ దూరం చెప్పినా సరే, గ్లోబు మీద దారం పెట్టి కొలవాల్సిందే అంటారు. బయల్దేరే ఊరి దగ్గర ఒక ముడి, చేరే ఊరి దగ్గర ఒక ముడి, దారి తిరిగిన ప్రతిచోటా ఒకటి. ఆ దారాన్ని కెప్టెన్ తీసుకెళ్ళే కాగితాల మొదటి పేజీకి స్టేపుల్ చేస్తాం. నేను ఐదు ముడులు వేశాను మేడమ్. విమానంలో దొరికిన దారానికి రెండే ఉన్నాయి."

టేపమ్మ టేపు కొసను వేలికి చుట్టుకుంటూ, "మీ మామయ్య ఏమన్నాడు?" అని అడిగింది.

"మొన్న స్పృహ వచ్చింది. అక్కడి ఆసుపత్రిలోనే ఉన్నాడు. 'మా అమ్మాయిని ఎవరూ ఏమీ అనకండి' అన్నాడట. ఇంకేం అడగలేదు. అంటే నాదే తప్పని నమ్మేశాడు. లైసెన్సు పోతే పోయింది మేడమ్. ఆయన క్షమించేశాడు చూడండి, అది నేను తట్టుకోలేకపోతున్నాను."

టేపమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

విమానాశ్రయం వెనక, సరుకుల షెడ్డు పక్కన ఉంది వాళ్ళ ఆఫీసు. నెత్తిమీదుగా విమానం పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడాయి. వాటితోపాటు గుమాస్తా కూడా. భయం వేస్తే గుండెల్లో రైళ్ళు పరిగెడతాయంటారు. అతనికి ఆ రోజు రైళ్ళు చాలలేదు.

విచారణాధికారి అప్పటికే వచ్చి ఉన్నాడు. తన ఎదుటే చూడాలన్న షరతు మీద కెప్టెన్ ఫైలు తెరిచి బల్లమీద పెట్టాడు. ప్లాస్టిక్ సంచిలో ఉండటంతో తడి పెద్దగా తగల్లేదు. రెండు పేజీలు, ఒక నీలం దారం. టేపమ్మ ముందు స్టేపుల్ పిన్ను దగ్గర కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. గుమాస్తా కూడా తొంగిచూశాడు. రెండో పేజీ మూలన పిన్ను రంధ్రాలు నాలుగున్నాయి. మొదటి పేజీ మూలన రెండే. తర్వాత దారాన్ని ముడి నుంచి ముడికి టేపుమీద పరిచింది.

"ముప్పైకి నాలుగు గీతలు తక్కువ. రాసుకోండి గుమాస్తా గారూ."

ఇరవై తొమ్మిది సెంటీమీటర్ల ఆరు గీతలు. అతను రాసుకున్నాడు. ఆమె ముడి దగ్గరికి వంగి, భూతద్దంతో చాలాసేపు చూసింది. సంతకాలు రెండూ, ప్లానర్‌దీ మాస్టారిదీ, రెండో పేజీలోనే ఉన్నాయి.

ప్లానర్ల గదిలో ముగ్గురు మనుషులు, నాలుగు కంప్యూటర్లు, నడుం ఎత్తు గ్లోబు. మాస్టారు డెబ్బై దగ్గరపడిన మనిషి. వచ్చే నెల రిటైరవుతారు. ఒక కంటికి కొత్తగా శుక్లాల ఆపరేషన్ అయింది.

"ఈ గ్లోబు నేనే చేయించానమ్మా," అన్నారాయన. "చుట్టుకొలత సరిగ్గా రెండు మీటర్లు. దారం మీద ఒక సెంటీమీటరంటే నేల మీద రెండొందల కిలోమీటర్లు. కాకిలెక్కలు ఉండకూడదని పెట్టిన పద్ధతి. ఆ రోజు కూడా దారం పెట్టి చూశాకే సంతకం చేశాను. ఐదు ముడులూ తగిలినట్టే గుర్తు. కానీ నా గుర్తుని ఎవరు నమ్ముతారు? నా కంటిని నేనే నమ్మట్లేదు."

"మీరు సంతకం చేశాక ఫైలు ఎక్కడికి పోతుంది?"

"వరండాలో ట్రేలో పెడతాం. కెప్టెన్ వచ్చి తీసుకుంటాడు. ఆ రోజు ఓ నలభై నిమిషాలు అక్కడే ఉంది."

వరండాలో ఆ ట్రే పక్కనే అంకెలు మాత్రమే నింపే ఖాళీ మొదటి పేజీ ఫారాలు, స్టేప్లర్, నీలం దారం రీలు ఉన్నాయి. ఎవరైనా తీసుకోవచ్చు. ట్రేకు ఎదురుగా మేనేజర్ గది.

మేనేజర్ విసుగ్గా ఉన్నాడు. "కాగితం కళ్ళెదురుగా ఉంది. ఇంకా వెతకడానికేముంది? ఆ అమ్మాయి మంచిదే, కాదనను. మంచివాళ్ళు కూడా పరధ్యానంగా ఉంటారు."

"ఆ రోజు పొద్దున్న మీరెక్కడున్నారు?"

"పదినుంచి పన్నెండు దాకా పక్క బిల్డింగులో మీటింగు. పదిమంది సాక్ష్యం చెబుతారు. గదికి తాళం వెయ్యను. ఫోను కోసం సరుకు ఆఫీసరో, ఇంకొకరో వస్తూ పోతూ ఉంటారు."

ఆ గదిలో కూడా ఒక గ్లోబు ఉంది, చెక్క స్టాండు మీద, ఇత్తడి వలయంతో. కెప్టెన్లు కానుకగా ఇచ్చారట. "షోకే తప్ప ఎవరూ ముట్టుకోరు," అన్నాడు మేనేజర్. టేపమ్మ ముట్టుకుంది. టేపు నడుం చుట్టూ వేసి కొలిచింది. ఒక మీటరు అరవై. తర్వాత కళ్ళు మూసుకుని దాని మీద వేలు మెల్లగా జరిపింది. ఒకచోట వేలు ఆగింది. ఎంతో దూరం జరిగాక మరోచోట ఆగింది. సూది గుచ్చిన బట్టను తడిమినప్పుడు ఆమె ముఖం అలాగే ఉంటుంది.

సరుకు ఆఫీసర్ షెడ్డులోనే దొరికాడు. మంచి మాటకారి. కుర్చీలు వేయించాడు. మాట్లాడుతూనే పక్కనున్న అట్టపెట్టెకు తాడు కట్టేస్తున్నాడు. పొరపాటున లేబుల్ లోపల ఉండిపోయినట్టుంది, ఒక కొస లాగాడు, ముడి అంతా జారి ఊడిపోయింది. మళ్ళీ కట్టాడు.

"భలే ముడి వేస్తారే," అంది టేపమ్మ.

"మా పనే అంత అమ్మా. గట్టిగా పట్టాలి, కావాలన్నప్పుడు ఒక్క లాగుడుకి రావాలి. పాతికేళ్ళ అలవాటు. బూట్ల లేసులకి కూడా ఇదే ముడి." నవ్వాడు.

"ఆ రోజు విమానంలో ఏమేం ఎక్కించారు?"

"ఎప్పటివే. చివర్లో ఒక పెద్ద మెషీను. ముందు బరువుకి చోటు లేదన్నారు. తర్వాత కాగితంలో ఇంధనం తక్కువే పడుతుందని వచ్చింది, చోటు మిగిలింది, ఎక్కించాం. పాపం, ఆ పిల్లని చూస్తే జాలేస్తుంది. అందరూ ఆడిపోసుకుంటున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను మాత్రం ఏమీ అనలేదు."

క్యాంటీన్‌కు వచ్చాక టేపమ్మ ఒక గ్లాసు నీళ్ళు, గుప్పెడు ఉప్పు అడిగింది. రీలునుంచి నీలం దారం తెంపి, సరిగ్గా ముప్పై ఏడు సెంటీమీటర్ల దూరంలో రెండు ముడులు వేసి, ఆ ఉప్పునీళ్ళలో పడేసింది.

"నాలుగింటిదాకా దీనికి కాపలా ఉండండి. ఎవరూ ముట్టుకోకూడదు."

గుమాస్తా నాలుగున్నర గంటలు ఒక గ్లాసుడు ఉప్పునీళ్ళకు కాపలా కాశాడు. ఎదురుగా ఆ అమ్మాయి కూర్చుంది. తెచ్చిపెట్టిన భోజనం ముట్టలేదు. గడియారం చూడటం, తల దించుకోవడం, మళ్ళీ చూడటం. ధైర్యం చెబుదామని నోరు తెరిచాడు కానీ తనకే లేని సరుకు ఇంకొకరికి ఎక్కడనుంచి తెస్తాడు?

నాలుగింటికి మీటింగు గదిలో అందరూ చేరారు. విచారణాధికారి బల్ల చివర, ఒక పక్క మేనేజర్, సరుకు ఆఫీసర్, ఇంకో పక్క మాస్టారు, ఆ అమ్మాయి. బల్ల మధ్యలో ఫోను. ఆసుపత్రి మంచం మీదినుంచి కెప్టెన్ వాంగ్మూలం ఇవ్వాలి. లైను కలిసింది. అటువైపు ఎవరో శ్వాస తీస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయి ఫోనువైపు చూడలేకపోయింది.

"కెప్టెన్ గారు మాట్లాడేముందు నాకు పది నిమిషాలివ్వండి," అంది టేపమ్మ. అధికారి తలూపాడు.

"ఈ కాగితాల మూల చూడండి. రెండో పేజీకి రెండుసార్లు పిన్ను కొట్టారు. మొదటి పేజీకి ఒక్కసారే. అంటే ఎవరో పిన్ను పీకి, పాత మొదటి పేజీ తీసేసి, కొత్తది పెట్టారు. సంతకాలు రెండో పేజీలో ఉన్నాయి కాబట్టి అవి చెక్కుచెదరలేదు. వంకర దారి కూడా రెండో పేజీలోనే ఉండిపోయింది."

మేనేజర్ ముందుకు వంగాడు. "పిన్ను సరిగ్గా పడక ఆ అమ్మాయే పీకి మళ్ళీ కొట్టి ఉండొచ్చు."

"అలాగైతే రంధ్రాలు రెండు పేజీలకీ పడాలి. సరే, దారం చూద్దాం. అమ్మాయి పరధ్యానంలో దారాన్ని తిన్నగా లాగిందే అనుకుందాం. ఏడువేల నాలుగొందల కిలోమీటర్లు. సెంటీమీటరుకి రెండొందలు. దారం ఎంతుండాలి మాస్టారూ?"

"ముప్పై ఏడు," అన్నారు మాస్టారు వెంటనే.

"ఇది ముప్పైకి నాలుగు గీతలు తక్కువ. అంటే మీ గ్లోబు మీద ఆరువేల కిలోమీటర్లు కూడా రాదు. తప్పు కొలిచిన దారం కూడా కాదిది. అసలు ఆ గ్లోబునే ఎరగదు."

"ఉప్పు మళ్ళలో పడింది కదమ్మా," అన్నాడు సరుకు ఆఫీసర్ నెమ్మదిగా. "నాని కుంచించుకుపోయి ఉంటుంది."

గుమాస్తాకు అప్పుడు అర్థమైంది తను ఎందుకు కాపలా కాశాడో. లేచి గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టాడు. టేపమ్మ దారం తీసి, పిండి, టేపుమీద పరిచింది.

"అదే రీలు దారం. ముప్పై ఏడుకి కొలిచి వేశాను. నాలుగున్నర గంటలు నానింది. రెండు గీతలు తగ్గింది. ఫైల్లో దారమేమో ప్లాస్టిక్ సంచిలో ఉంది. ఏడు సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయి?"

టేపమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఫైలు ట్రేలో ఉన్నది నలభై నిమిషాలు. ఆ సమయంలో ప్లానర్ల గదిలో ముగ్గురున్నారు. వాళ్ళ గ్లోబు మీద దారం పెట్టడం కుదరదు. దారం లేకుండా ఫైలు పెడితే కెప్టెన్ అడుగుతాడు. అందుకని ఎదురుగదిలోకి వెళ్ళి, షోకి పెట్టిన గ్లోబు మీద కొలిచారు. దాని చుట్టుకొలత మీటరు అరవై. దాని మీద ఏడువేల నాలుగొందల కిలోమీటర్లంటే ముప్పైకి సరిగ్గా నాలుగు గీతలు తక్కువ. దారం జారకుండా రెండు ఊళ్ళ దగ్గరా గుండుసూదులు గుచ్చారు. రంధ్రాలు ఇప్పటికీ వేలికి తగులుతున్నాయి. దారం పొడవు గ్లోబును బట్టి మారుతుందని ప్లానర్ అన్నవాళ్ళకి ఎవరికైనా తెలుసు. కాబట్టి ఇది మాస్టారి పని కాదు, అమ్మాయి పని కాదు. దారం పద్ధతిని దూరంనుంచి చూసినవాళ్ళ పని."

మేనేజర్ ముఖం పాలిపోయింది. "నా గదిలోనా? నేను మీటింగులో..."

"తెలుసు. పదిమందిని అడిగాను. మీరు చేసిన తప్పల్లా కాగితం చూసి మనిషిని చూడకపోవడమే." టేపమ్మ భూతద్దాన్ని అధికారికి ఇచ్చింది. "ఇప్పుడు ముడి చూడండి. ప్లానర్లు వేసేది కదలని ముడి. కదిలితే కొలత పోతుంది. ఇది కొస మడిచి లోపలికి దూర్చిన ముడి. ఒక్క లాగుడుకి వస్తుంది. పొద్దున్న షెడ్డులో నా కళ్ళముందే ఇలాంటిది రెండుసార్లు పడింది. బూట్ల లేసులకి కూడా ఇదే ముడి అన్నారు."

అందరి చూపూ బల్ల కిందికి పోయింది. సరుకు ఆఫీసర్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. మాట్లాడినప్పుడు పొద్దున్నటి మాటకారి గొంతు కాదది.

"మెషీను ఆ విమానంలోనే పంపిస్తానని మాటిచ్చాను. బరువుకి చోటు లేదన్నారు. ఇంధనం తగ్గితే చోటొస్తుంది." చేతులు చూసుకున్నాడు. "ప్లానర్లు ఎప్పుడూ ఎక్కువే రాస్తారని మా షెడ్డులో అందరూ అంటారు. భయంకొద్దీ గంటన్నర కలుపుతారు, పదిన్నరంటే తొమ్మిదికే దిగుతుంది అని. నేనూ అదే నమ్మాను. విమానం పడుతుందని అనుకోలేదు. ఆయన నాకు ఇరవయ్యేళ్ళుగా తెలుసు."

"మేము ఒక్క నిమిషం కూడా ఊరికే కలపం," అంది ఆ అమ్మాయి. ఆ గదిలో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "అడిగి ఉంటే చెప్పేదాన్ని."

అధికారి కలం మూసి, విచారణ ఆమె మీద కాదని నమోదు చేయించాడు. సరుకు ఆఫీసర్‌ను పక్కగదిలోకి తీసుకెళ్ళారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. అప్పుడు ఫోనులోంచి, ఎంతో దూరంనుంచి, నీరసమైన గొంతు వచ్చింది.

"అమ్మాయ్."

ఆమె ఫోను దగ్గరికి వంగింది. "చెప్పు మామయ్యా."

"విమానం ఎక్కేముందు దారం తడిమి చూశాను. ఎప్పుడూ చూస్తాను. వంకర దారి కదా, ఐదు ముడులుండాలి. రెండే తగిలాయి." శ్వాస కోసం ఆగాడు. "అడుగుదామనుకున్నాను. మళ్ళీ, నువ్వు కొలిచిందే కదా అని ఊరుకున్నాను. ఈ మాట చెబితే అందరూ నీ మీద పడతారని మొన్నటినుంచీ నోరు మెదపలేదు. నీది తప్పని కాదే. నన్ను నేనే తిట్టుకుంటూ పడుకున్నాను."

గుమాస్తా కిటికీవైపు తిరిగాడు. టేపమ్మ టేపు చుట్టడం మొదలుపెట్టింది, అప్పటికే చుట్టి ఉన్నదాన్ని విప్పి మరీ.

ఆ అమ్మాయి తొమ్మిది రోజుల ఏడుపు అక్కడే ఏడ్చింది. ఏడవడం అయ్యాక ముక్కు తుడుచుకుని, "రేపు పొద్దున్న విమానానికి వస్తున్నాను," అంది.

"ఎంతసేపు పడుతుంది?"

"పదిన్నర గంటలు. వంకర దారే ఇంకా."

"ఎవరు కొలిచారు?"

"నేనే."

"అయితే సరే," అన్నాడు మామయ్య. "కాదు. ఆగు. దారం నీతో తీసుకురా. ముడులు నేను లెక్కపెడతాను."